చూడ్డానికి మాత్రమే వెలిగించే దీపాలు

యోహాను 10:22లో "ఆలయ ప్రతిష్ఠిత పండుగ" అని ఉంటుంది, ఆ వెంటనే అది శీతకాలమని కూడా ఉంటుంది. చిన్నప్పట్నుంచి చదువుతూనే ఉన్నాం కానీ ఆ పండగేంటో సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు, నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. అదే హనుక్కా, యూదుల ఎనిమిది రోజుల దీపాల పండగ అని న్యూజెర్సీ వచ్చాక, పక్కింటి యూదు కుటుంబం మూడో రోజు సాయంత్రం మమ్మల్ని పిలిస్తే తెలిసింది.

ఆ ఇంటి పెద్దావిడ పిల్లలకి కథ చెప్పకుండా ముందు కొవ్వొత్తులు చేతికిచ్చేసింది. కిటికీ దగ్గర తొమ్మిది కొమ్మల దీపస్తంభం. రోజుకొకటి పెంచుతూ కొవ్వొత్తులు కుడి నుంచి ఎడమకి గుచ్చాలట, వెలిగించేది మాత్రం ఎడమ నుంచి, అంటే ఇవాళ కొత్తగా వచ్చినదాన్నే ముందు. తొమ్మిదోది షమాష్, అంటే సేవకుడు, మిగతావన్నీ దాంతోనే వెలిగిస్తారు.

ఎనిమిదీ ఒకేసారి ఎందుకు వెలిగించం అని మా పాప అడిగింది. ఆవిడ మురిసిపోయి, రెండు వేల ఏళ్ళ కిందట ఇద్దరు గురువుల శిష్యులు సరిగ్గా దీని మీదే వాదించుకున్నారు అంది. షమ్మాయి పక్షం మొదటి రోజు ఎనిమిది పెట్టి రోజుకొకటి తగ్గించాలంది, హిల్లెల్ పక్షం ఒకటితో మొదలుపెట్టి పెంచాలంది, పవిత్రమైన విషయంలో పైకెళ్ళాలే గానీ దిగకూడదని. ఇప్పుడు అందరూ హిల్లెల్ మాటే పాటిస్తారు. మా పాప వెంటనే "నాకు షమ్మాయిదే నచ్చింది, ఫస్ట్ డేనే ఫుల్‌గా ఉంటుంది" అంది, నాకు తల కొట్టేసినట్టయింది కానీ ఆవిడ తప్పనలేదు, వాదించు అంది!

కథ తర్వాత వచ్చింది, లాట్కెలు తింటుంటే (నూనె పండగ కదా, నూనెలో వేయించిన బంగాళదుంప అట్లు). అప్పట్లో యూదుల్ని ఏలిన గ్రీకు రాజు అంతియొకస్ విశ్రాంతిదినం ఆపించడం, యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేయడం, మక్కబీలనే యూదు వీరులు తిరగబడి క్రీ.పూ. 164లో మళ్ళీ ప్రతిష్ఠించడం, ఒక్కరోజుకి సరిపోయే నూనెతో ఆలయ దీపం ఎనిమిది రోజులు వెలగడం. విచిత్రమేంటంటే ఇది యుద్ధం గెలిచిన పండగ, కానీ ఆ వారం శబ్బాతున, అంటే విశ్రాంతిదినాన, చదివే భాగంలో జెకర్యా 4:6 ఉంటుంది, "శక్తిచేతనైనను బలముచేతనైనను కాక నా ఆత్మచేతనే" అని. మా చర్చి గోడ మీద చిన్నప్పుడు చూసిన వాక్యం, ఇన్నేళ్ళకి దాని పక్కన ఒక దీపం కనిపించింది.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఇంకోటి. పిల్లలు డ్రేడెల్ అనే నాలుగు పలకల బొంగరం తిప్పుతున్నారు, పలకకో హీబ్రూ అక్షరం, గిమెల్ పడితే చాక్లెట్ నాణేలన్నీ వాళ్ళవే, నూన్ పడితే ఏమీ రాదు. ఏం పడిందో కనిపించక మా పాప దాన్ని కొవ్వొత్తుల దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ మెల్లిగా చెయ్యి పట్టుకుని, ఈ వెలుగుని వాడుకోకూడదమ్మా, చూడ్డానికే, పనికి కావాలంటే బల్బు వేసుకో అంది. అందుకే షమాష్‌ని వేరుగా పెడతారట, పొరపాటున ఏదైనా వెలుగు వాడుకున్నా అది సేవకుడి వెలుగవుతుందని. ఆరిపోయేదాకా ఆవిడ ఏ పనీ ముట్టుకోలేదు, ఆడవాళ్ళకి అదొక ఆచారం. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది, నేను మాత్రం రెండుసార్లు ఫోన్ తీశాను.

ఇంటికొచ్చి హాల్లో స్విచ్ వేస్తుంటే పాప అడిగింది, "అమ్మా, మనింట్లో చూసే లైట్ ఏది?"