రీఫండ్ గ్యారంటీ లేని ఓడ

బ్రిటన్ షిప్‌యార్డుల్లో వెల్డర్‌గానో, ఎలక్ట్రీషియన్‌గానో, ప్లానింగ్ ఇంజనీరుగానో చేరేవారు ఆఫర్ లెటర్‌ను అక్షరం అక్షరం చదువుతారు. యార్డుకు పని ఇచ్చిన ప్రభుత్వ కాంట్రాక్టు వైపు మాత్రం చాలామంది చూడరు. జీతం అక్కణ్ణుంచే వస్తుంది. ఆ కాంట్రాక్టు చెడితే ఏమవుతుందో స్కాట్లాండ్‌లోని పోర్ట్ గ్లాస్గోలో కళ్ల ముందే కనిపిస్తుంది.

2015 అక్టోబరులో రెండు ఫెర్రీల పని అక్కడి ఫెర్గూసన్ మెరైన్‌కు దక్కింది. స్థిర ధర 9.7 కోట్ల పౌండ్లు. ఒక్కోటి 102 మీటర్ల ఓడ, ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు)తోనూ డీజిల్‌తోనూ నడిచేది. కొన్నది సీమాల్ అనే ప్రభుత్వ సంస్థ. 2018లో రావలసిన మొదటి ఓడ గ్లెన్ సానక్స్ 2024 నవంబరులో చేతికొచ్చి, 2025 జనవరిలో ప్రయాణికులను ఎక్కించుకుంది. రెండింటి ఖర్చు మొదటి ధరకు మూడు రెట్లు దాటిపోయింది.

తప్పు ఎక్కడ మొదలైంది? వెల్డింగులో కాదు, కాగితంలో. ఓడ కట్టించేవారు పని నడుస్తుండగానే విడతలవారీగా డబ్బు ఇస్తారు. మధ్యలో యార్డు దివాలా తీస్తే ఆ డబ్బు తిరిగి ఇస్తామని బ్యాంకో, మాతృసంస్థో రాసిచ్చేదే రీఫండ్ గ్యారంటీ. ఫెర్గూసన్ పూర్తి గ్యారంటీ ఇవ్వలేకపోయింది. సీమాల్ బోర్డు ఆందోళన తెలిపింది. అయినా మంత్రుల ఆమోదంతో సంతకాలు జరిగాయి. ఆ ప్రమాదాన్ని ఎందుకు తలకెత్తుకున్నారో చెప్పే రికార్డు సరిగా లేదని 2022 మార్చిలో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే ఆడిట్ స్కాట్లాండ్ రాసింది. మే నెలలో ఆమోదం తెలిపిన ఈమెయిల్ బయటపడింది. అందులోనూ కారణం లేదు. ప్రజల సొమ్మును పణం పెట్టే నిర్ణయానికి కారణం రాసిపెట్టకపోవడం చిన్న పొరపాటని నేననుకోను.

రెండో లోపం మైల్‌స్టోన్ చెల్లింపుల్లో, అంటే ఒక్కో దశ పూర్తయినప్పుడు ఇచ్చే విడతల్లో ఉంది. చెల్లింపులకు నాణ్యతతో గట్టి ముడి వేయలేదు. డ్రాయింగ్‌కు క్లాస్ (ఓడ భద్రతా ప్రమాణాలను తనిఖీ చేసే సంస్థ) ఆమోదం రాకముందే ఉక్కు ప్లేటు కోసి బ్లాకు (ఓడలో ఒక భాగం) లేపితే బిల్లు పాసవుతుంది కానీ ఓడ ముందుకు సాగదు. తరువాత పైపు దారి మారుతుంది, బల్క్‌హెడ్‌కు (ఓడ లోపలి అడ్డుగోడకు) మళ్లీ కన్నం వేయాలి, వేసిన పెయింటు గీకాలి, ఫైర్ ఇన్సులేషన్ ఊడదీయాలి. యంత్రం బిగించకముందే కేబుల్ లాగితే టెర్మినల్ దాకా అందకపోవచ్చు. గ్లెన్ సానక్స్‌లో వందల కేబుళ్లు పొట్టివని 2022లో తేలి, డెలివరీ ఇంకా వెనక్కి పోయింది. కంట్రోల్ కేబుల్‌ను మధ్యలో అతికించి సరిపెట్టడం మంచి పద్ధతి కాదు, మొత్తం తీసి కొత్తది లాగాలి. అప్పటికి సీలింగు ప్యానెళ్లు కూడా బిగించేసి ఉంటే పని రెండింతలు. షిఫ్టులో ఉన్నవాడికి ఇది రీవర్కు. పన్ను కట్టేవాడికి ఇది రెండోసారి బిల్లు.

2019 ఆగస్టులో యార్డు అడ్మినిస్ట్రేషన్‌లోకి (దివాలా ప్రక్రియలోకి) వెళ్లింది, డిసెంబరులో ప్రభుత్వపరమైంది. అలా ఆదుకునేవారు ప్రతిచోటా ఉండరు. యార్డు మూతపడితే స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి వీసాలు చూసే హోమ్ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది, ఆ తరువాత సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా కొత్త స్పాన్సర్, అంటే వీసాకు పూచీపడే యజమాని దొరకాలి. రావలసిన జీతం బకాయిలో 8 వారాల వరకు, పరిమితికి లోబడి, ప్రభుత్వ నిధి నుంచి అడగవచ్చు. రిడండెన్సీ సొమ్ముకు (ఉద్యోగం పోయినందుకు ఇచ్చే పరిహారానికి) మాత్రం రెండేళ్ల సర్వీసు కావాలి. ఏజెన్సీ ద్వారా వచ్చినవారికి యార్డు యజమాని కాకపోవచ్చు. పే స్లిప్పు మీద ఎవరి పేరుందో మొదటి నెలలోనే చూసుకోండి.

వలస వచ్చినవాళ్లం, మనకెందుకు అనుకోవద్దు. చట్టబద్ధంగా నివసించే భారతీయులకు స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. కాంట్రాక్టు వివరాలను స్కాట్లాండ్ సమాచార హక్కు చట్టం కింద అడగడానికి ఓటు కూడా అక్కర్లేదు, ఏ దేశంవారైనా అడగవచ్చు. పేరు, జవాబు పంపాల్సిన చిరునామా రాసి ఆ ప్రభుత్వ సంస్థకు ఈమెయిల్ పంపితే చాలు. 20 పనిదినాల్లో జవాబివ్వాలి. రాకపోయినా, నచ్చకపోయినా 40 పనిదినాల్లోపు రివ్యూ కోరాలి. ఆ తరువాత సమాచార కమిషనర్‌కు వెళ్లడానికి ఆరు నెలల వ్యవధి ఉంటుంది.

"కాంట్రాక్టు కాగితాలన్నీ పంపండి" అని అడిగితే పని జరగదు, ఖర్చు ఎక్కువని తిరస్కరించవచ్చు. ఇలా అడగండి: రీఫండ్ గ్యారంటీ ఎవరిచ్చారు, ధరలో ఎంత శాతానికి? మైల్‌స్టోన్ల పట్టికలో ప్రతి విడతకు క్లాస్ సర్వేయర్ సంతకం షరతుగా ఉందా? సంతకాల తరువాత ఎన్ని మార్పులు ఒప్పుకున్నారు? అధికారి అభ్యంతరాన్ని పక్కనపెట్టి మంత్రి రాతపూర్వక ఆదేశం ఇచ్చారా? ఈ చివరిది చాలా ముఖ్యం. 2023 మేలో రెండో ఓడ గ్లెన్ రోసాను పూర్తి చేయడం కంటే కొత్తది కట్టించడం చవకని లెక్క తేలినా, మంత్రి అలాంటి ఆదేశమిచ్చి పని కొనసాగించారు. ఆ నిర్ణయం మంచిదా కాదా అని వాదించవచ్చు. ఎవరిదన్న విషయంలో మాత్రం అనుమానం లేదు. 2015లో కావలసింది ఇదే.

వ్యాపార రహస్యం పేరుతో ఆ చట్టంలోని సెక్షన్ 33 చూపి నిరాకరిస్తే అంకెలు చెరిపేసైనా పట్టిక ఇమ్మని రివ్యూలో రాయండి. విడతల క్రమం కనిపిస్తే చాలు, యార్డు ఏది ముందు కడుతుందో, ఎందుకు కడుతుందో షాప్ ఫ్లోర్‌లో ఉన్నవారికి ఇట్టే అర్థమవుతుంది.