హాస్టల్ గదిలో ఒక రూటరు

నల్లగొండలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కొన్నేళ్లుగా హాస్టల్ నెట్‌వర్కు బాధ్యత నాదే. మొన్న పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరు రోజు, సాయంత్రం ఏడు గంటల వేళ, రెండో అంతస్తు మొత్తానికి నెట్ ఆగిపోయింది. ఫోన్లలో వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తున్నది కానీ ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు. ల్యాప్‌టాప్ పట్టుకొని వరండాలో నిలబడి చూస్తే, మా దగ్గర 10తో మొదలు కావలసిన ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో ప్రతి పరికరానికీ ఇచ్చే నంబరు), ఇళ్లలో వాడే రూటర్లు మామూలుగా ఇచ్చే తీరులో 192.168తో మొదలవుతున్నది. ఎవరో సొంత రూటరు తెచ్చి గోడలోని సాకెట్‌కు తగిలించారని అప్పుడే అర్థమైంది. ఆ రూటరు మ్యాక్ అడ్రసు, అంటే పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య, పట్టుకొని, గదుల కేబుళ్లన్నీ వచ్చి కలిసే స్విచ్‌లో అది ఏ పోర్టు మీద కనిపిస్తున్నదో వెతుక్కుంటూ వెళ్లి ఒక గది తలుపు తట్టాను. లోపల నలుగురు పిల్లలు, కిటికీ గట్టు మీద కొత్త రూటరు, దాని వెనక పసుపురంగు సాకెట్లలో ఒకదానికి మా కేబుల్.

"సార్, మా గదిల సిగ్నల్ తక్కువున్నదని పెట్టుకున్నం, ఇంకెవరిదీ ముట్టలే" అన్నాడు ఒకడు. అతడు అబద్ధం చెప్పలేదు. సాధారణంగా రూటరుకు బయటి నుంచి నెట్ తీసుకునే వాన్ సాకెట్ ఒకటి, లోపలి వాటికి పంచే లాన్ సాకెట్లు కొన్ని ఉంటాయి. వీళ్లు తెలియక కేబుల్‌ను లాన్‌లో గుచ్చారు. నెట్‌వర్కులో చేరే ప్రతి ఫోనూ తనకు అడ్రసు ఇమ్మని అందరికీ వినబడేలా అడుగుతుంది. అడ్రసులు ఇచ్చే పని డీహెచ్‌సీపీ సర్వరుది, కానీ ముందు జవాబు ఎవరిస్తే ఫోను మామూలుగా వారినే నమ్ముతుంది. ఆ చిన్న రూటరు మా సర్వరు కంటే ముందు పలికి, బయటికి దారి లేని అడ్రసులను పక్క గదులన్నింటికీ పంచిపెట్టింది. కేబుల్ పీకేసి, అందరి చేతా వైఫై ఒకసారి ఆపించి మళ్లీ పెట్టించేసరికి తొమ్మిదిన్నర అయింది. ఫీజు గడువు అర్ధరాత్రి వరకు ఉండటం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. ఇలాంటి దొంగ జవాబులను ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే సదుపాయాన్ని ఆ మరునాడే స్విచ్‌లలో పెట్టాను, పెట్టగలిగినంత వరకు. కొన్ని పాత స్విచ్‌లకు ఆ సదుపాయం లేదు.

ఆ నలుగురి మీద నాకు కోపం రాలేదు. హాస్టల్ అంటేనే పంచుకోవడం. బకెట్టు, ఇస్త్రీపెట్టె, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి డబ్బా, పరీక్ష ముందురాత్రి నోట్సు, అన్నీ చేతులు మారుతూనే ఉంటాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి వచ్చి, ఇంట్లో తొలిసారిగా కళాశాల మెట్లెక్కిన పిల్లలు ఆ పంచుకోవడం వల్లనే నిలదొక్కుకోవడం నేను కళ్లారా చూశాను. అయితే ఈ మంచి అలవాటే నెట్‌వర్కు దగ్గరకు వచ్చేసరికి వాళ్లను ఎక్కువగా దెబ్బతీస్తున్నది. నా దగ్గరకు వచ్చే తగాదాలలో చాలావరకు దురాశతో పుట్టినవి కావు, అడిగితే కాదనలేకపోవడంతో పుట్టినవి.

లాగిన్ సంగతే చూడండి. మా హాస్టల్‌లో కొన్ని వందల ఫోన్లు ఉన్నా బయటి ప్రపంచానికి అవన్నీ ఒకటి రెండు ఐపీ అడ్రసులుగానే కనిపిస్తాయి. ఏదైనా నేరం జరిగి పోలీసులు ఆ అడ్రసు పట్టుకొని వస్తే, ఆ సమయంలో ఎవరి లాగిన్‌తో ఆ పని జరిగిందో చెప్పవలసింది కళాశాల దగ్గరున్న లాగ్, అంటే ఎవరు ఎప్పుడు నెట్‌కు కలిశారన్న రికార్డు. ఒక విద్యార్థి తన లాగిన్‌ను వేరే బ్రాంచి స్నేహితుడికి ఇచ్చాడు, ఆ స్నేహితుడు ఇంకొకరికి ఇచ్చాడు, ఆ మూడోవాడు దొంగ ప్రొఫైల్ నుంచి ఒక అమ్మాయికి రాయకూడని రాతలు పంపాడు. మొదట పిలిపించింది లాగిన్ యజమానినే. రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చున్న ఆ పిల్లవాడి ముఖం నేను మరిచిపోలేను. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ ఆ సెక్షన్ అసలు దోషి దాకా చేరే లోపల అమాయకుడు పడే యాతన ఏ చట్టంలోనూ రాసి ఉండదు.

ఇందులో యాజమాన్యాల తప్పు కూడా ఉన్నదని చెప్పకపోతే నేను న్యాయంగా మాట్లాడినట్టు కాదు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట హాస్టల్ మొత్తానికి ఒకే వైఫై పాస్‌వర్డు, అదీ మెస్ గోడ మీద అతికించి ఉండేది. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతితో నడిచే అలాంటి నెట్‌వర్కులో పాస్‌వర్డు తెలిసినవాడు పక్కవాడు నెట్‌కు కలిసే క్షణాన్ని పట్టుకోగలిగితే, ఆ వైఫై తాళం విప్పి అతని రాకపోకలను చూడగలడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క లాగిన్ ఇచ్చే పద్ధతి పెట్టమని ఎన్నిసార్లు అడిగినా ఖర్చు అన్నారు.

ఇప్పుడు చాలా వెబ్‌సైట్లు, రాకపోకలకు తాళం వేసే హెచ్‌టీటీపీఎస్‌తో నడుస్తున్నాయి కనుక, ఉచిత వైఫై పేరు వినగానే బెదిరిపోవలసిన పని లేదు. మీరు ఏ సైటుకు వెళ్లారన్నది తెలిసిపోయే అవకాశం ఉంది కానీ, అక్కడ ఏం టైపు చేశారన్నది మధ్యలో ఉన్నవాడికి అందదు. అయితే బ్రౌజరు ఆ సైటు సర్టిఫికెట్, అంటే దాని గుర్తింపు పత్రం, సరిగా లేదని హెచ్చరించినప్పుడు, పని తొందరలో దాన్ని దాటుకొని ముందుకు పోవద్దు. ఫోనులో తేదీ తప్పుగా ఉన్నా ఆ హెచ్చరిక రావచ్చు, అందుకని ముందు తేదీ చూసుకోండి. తేదీ సరిగ్గానే ఉంటే, కిటికీ గట్టు మీది ఆ రూటరులాంటిది ఈసారి తెలిసి చేసినవాడి చేతిలో ఉన్నదేమో అనుమానించాలి. బ్రౌజరులో అడ్రసు పక్కన తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైటు మంచివాళ్లదని కూడా అనుకోకూడదు. దొంగ సైటుకు సైతం తాళం గుర్తు దొరుకుతుంది.

పెన్‌డ్రైవ్ వేరే కథ. క్లాక్ టవర్ దగ్గరకు వెళ్లి ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీయించుకొని వచ్చిన అమ్మాయి, రాత్రి పెన్‌డ్రైవ్ తెరిస్తే తన ఫైళ్లు లేవు, వాటి స్థానంలో మూలన చిన్న బాణం గుర్తు ఉన్న ఒకే ఒక్క షార్ట్‌కట్ ఉన్నది. దాని మీద నొక్కితే వైరస్ ల్యాప్‌టాప్‌లోకి దిగుతుంది, ఆ తర్వాత ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటుతుంది. అదృష్టవశాత్తు ఆమె నొక్కకుండా నా దగ్గరకు తెచ్చింది. ఫైళ్లు పోలేదు, కనబడకుండా దాచబడ్డాయి. దాచిన వాటిని చూపించే సెట్టింగు పెట్టగానే అన్నీ బయటపడ్డాయి. వాటిని వేరే చోటికి తీసి, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి ఇచ్చాను. జిరాక్స్ సెంటరు కంప్యూటరులో వాట్సాప్ తెరిచి మెమోలు, ఆధార్ ప్రింటు తీసుకున్నవాళ్లు, తిరిగి వచ్చేటప్పుడు ఫోనులోని వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి ఆ కంప్యూటరును తొలగించాలి. ఆధార్ నకలు అడిగిన ప్రతిచోటా మొత్తం నంబరు ఇవ్వనవసరం లేదు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ సైటు నుంచి దింపుకోవచ్చు.

అప్‌డేట్ల గురించి పిల్లలు చెప్పే జవాబు ఒకటే, డేటా అయిపోతుందని. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించినప్పుడు, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే నెట్‌వర్కులో ఒక కంప్యూటరు నుంచి మరోదానికి పాకింది. అది వాడుకున్న విండోస్ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. క్రాక్ చేసిన విండోస్‌లో అప్‌డేట్లు ఆపి, యాంటీవైరస్ కూడా ఆపి వాడుతున్న ఒక్క ల్యాప్‌టాప్ చాలు, పక్క గదులకు అది ముప్పు అవుతుంది. తెల్లవారుజామున హాస్టల్ నెట్ ఖాళీగా ఉంటుంది, అప్పుడు పెట్టుకోండి.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా భయపెడుతున్నది బ్యాంకు ఖాతా అరువివ్వడం. నెలకు కొన్ని వేలు ఇస్తామని, ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అడుగుతారు. అడిగేది చాలాసార్లు తెలిసిన సీనియరే. ఎక్కడో ఒక పెద్దాయన పోగొట్టుకున్న డబ్బు ఆ ఖాతా గుండా వెళ్తుంది, ఫిర్యాదు అందగానే ఖాతా స్తంభించిపోతుంది, పోలీసులు వచ్చేది ఖాతాదారు దగ్గరకు. స్కాలర్‌షిప్ పడేది కూడా అదే ఖాతాలో. మీ చుట్టూ ఎవరైనా ఇలా అడుగుతుంటే, దయచేసి అదే రోజు వార్డెన్‌కో నాకో చెప్పండి. స్కాలర్‌షిప్ పేరుతో ఫోన్ చేసి యూపీఐ పిన్ కొట్టమన్నవాడు మోసగాడు, ఎందుకంటే డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో తిడతారని తెల్లవారేదాకా ఆగితే, ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారిపోతుంది.

ఆ రూటరును పిల్లలకు తిరిగి ఇచ్చేశాను. వాళ్ల గదిలో సిగ్నల్ తక్కువన్నది మాత్రం నిజం, నేనే మీటరు పెట్టి చూశాను. మూలన ఉన్న ఆ మూడు గదులకు వైఫై సిగ్నల్ అందించే ఒక యాక్సెస్ పాయింట్ కావాలని రాసిన ఉత్తరం ప్రిన్సిపల్ గారి టేబుల్ మీద ఉన్నది, సోమవారం మళ్లీ వెళ్లి అడుగుతాను.