అలమీన్ ఇసుకలో మన సిపాయిల పేర్లు

అలెగ్జాండ్రియా నుంచి పడమరగా, సముద్రపు ఒడ్డు వెంబడి సాగే రహదారి మీద నూరు కిలోమీటర్లు దాటాక ఎల్ అలమీన్ వస్తుంది. తీరం పొడుగునా కొత్త నగరపు ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి. 1942లో ఇక్కడ ఒక చిన్న రైల్వే స్టేషను తప్ప చెప్పుకోదగ్గది ఏదీ లేదు. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యాలు జర్మన్ సేనాని రోమెల్‌ను నిలువరించిన చోటు ఇదే. ఆ సైన్యాలలో మన సిపాయిలు వేల సంఖ్యలో ఉన్నారన్న సంగతే నన్ను ఇంతదూరం రప్పించింది.

లిబియా, ఈజిప్టు ఎడారుల్లో రెండేళ్లపాటు ఇరుపక్షాలూ వందల కిలోమీటర్లు ముందుకూ వెనక్కూ పరుగులు పెట్టాయి. 1940 డిసెంబరులో నాలుగో భారత డివిజను సీదీ బర్రానీ దగ్గర ఇటలీ సేనలను తరిమిన యుద్ధం మొదలుకొని అన్నిచోట్లా ఒకటే ఎత్తుగడ: దక్షిణాన ఎడారిలోంచి చుట్టుతిరిగి శత్రువు వెనక్కి చేరడం. అలమీన్‌లో మాత్రం ఆ ఎత్తు పారదు. ఉత్తరాన సముద్రం ఉంటే, సుమారు 60 కిలోమీటర్ల దక్షిణాన ఖత్తారా పల్లం మొదలవుతుంది. సముద్రమట్టానికి 133 మీటర్ల లోతు వరకూ దిగిపోయే ఆ ఉప్పు బురదలో, మెత్తటి ఇసుకలో ట్యాంకులు నడవలేవు. సైనిక మ్యూజియంలో పటం ముందు నిలబడినప్పుడు, ఈ ఒక్క ద్వారం కోసం అంత నెత్తురు ఎందుకు పారిందో నాకు మొదటిసారి కళ్లకు కట్టినట్టు అర్థమయింది.

అలమీన్ అనగానే అందరూ బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీనీ, అక్టోబరులో మొదలై ఆయన గెలిచిన యుద్ధాన్నీ తలుచుకుంటారు గానీ, నా మనసు 1942 జూలై 1 దగ్గరే ఆగిపోయింది. ఇరాక్ నుంచి హడావుడిగా తెచ్చి దింపిన 18వ భారత బ్రిగేడు ఆ రోజు దైర్ ఎల్ షైన్ అనే పల్లంలో, 23 ఫిరంగులతోనూ 9 ట్యాంకులతోనూ రోమెల్ దళాలకు ఎదురు నిలిచింది. సాయంత్రానికి బ్రిగేడు తుడిచిపెట్టుకుపోయింది, కానీ శత్రువుకు ఆ పగలంతా అక్కడే గడిచిపోయింది, వెనకనున్న సైన్యం సర్దుకోవడానికి కావలసిన వ్యవధి దొరికింది. ఆ పల్లం చూడాలని అడిగితే, తారు రోడ్డు దిగేది లేదని డ్రైవరు ఖండితంగా చెప్పాడు. అప్పుడు పాతిన మందుపాతరలు ఇంకా ఈ ఎడారిలో మిగిలే ఉన్నాయనీ, గొర్రెలు కాసుకునే బదూయిన్లు వాటివల్ల కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారనీ అతను చెబుతుంటే నేను మారుమాట్లాడలేకపోయాను.

అక్టోబరు నాటికి రోమెల్ తన ముందు దాదాపు 5 లక్షల మందుపాతరలు పాతించాడు. 23వ తేదీ రాత్రి 9:40కి, నిండు వెన్నెల్లో, దాదాపు 900 ఫిరంగులు ఒక్కసారిగా పేలాయి. కానీ ఆ మోత వెనక జరిగిన నిశ్శబ్దమైన పనే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. సాపర్లు, అంటే సైన్యపు ఇంజనీరు దళాలవాళ్లు, గుండ్ల వానలో నేల మీద పాకుతూ, పోలండు అధికారి యూజెఫ్ కోసాట్‌స్కీ రూపొందించిన శోధక యంత్రం ఉన్నచోట దానితో, లేనిచోట బాయొనెట్ మొనతో ఇసుకను గుచ్చి చూసుకుంటూ, ఇనుము తగిలిన చోట వేళ్లతో మట్టి తోసి పాతరను పైకి తీశారు. అలా శుభ్రం చేసిన దారికి ఇరువైపులా తెల్లని నాడా పరిచారు. ఒక్క ట్యాంకు పట్టేంత, అంటే 24 అడుగుల వెడల్పు దారి కోసం ఇంత శ్రమ. నాలుగో భారత డివిజను ఆ సమయంలో రువైసాత్ గట్టు మీద కాపు కాస్తోంది. తెలుగు, తమిళ కుటుంబాల బిడ్డలు తరతరాలుగా చేరుతూ వచ్చిన మద్రాస్ సాపర్స్ కంపెనీలు ఆ డివిజనులోనివే. నవంబరు 4 తెల్లవారకముందే ఐదో భారత బ్రిగేడు చేసిన దాడి శత్రు పంక్తిని చీల్చి ట్యాంకులకు దారి తెరిచింది. అప్పటికి మాంట్‌గోమరీ నడిపిన ఎనిమిదో సైన్యం చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ ఆచూకీ దొరకనివాళ్లూ కలిపి 13 వేలకు పైగా మనుషులను నష్టపోయింది.

మధ్యాహ్నం దాటాక కామన్‌వెల్త్ శ్మశానవాటికకు చేరాను. ఇసుకలో బారులు తీరిన 7,240 సమాధులలో 815 మందికి పేరు తెలియదు. ముందున్న వసారా గోడల మీద, సమాధి కూడా దక్కని 8,500 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కారు. పశ్చిమంగా ఇంకొంత దూరం వెళితే జర్మన్ల, ఇటాలియన్ల స్మారకాలున్నాయి. అక్కడా తలవంచి వచ్చాను.

నేను వెతుక్కుంటూ వచ్చిన చోటు శ్మశానం ఆగ్నేయ భాగంలో ఉంది. తమ మతాచారం ప్రకారం దహన సంస్కారం జరిగిన 600 మందికి పైగా సైనికుల స్మారకం అది. సొంత ఊరి నదిలో కలవవలసిన అస్థికలు ఏమయ్యాయో, కబురు అందిన ఇంట ఆ రాత్రి ఎలా గడిచిందో తలుచుకుంటే గొంతు పూడుకుపోయింది. వేలితో ఒక్కో అక్షరాన్నీ తడుముతూ, గేటు మూసే వేళయిందని కాపలాదారు వచ్చి చెప్పేదాకా, ఆ పేర్లను పైకి చదువుతూ నిలబడ్డాను.