ప్యాషన్‌ని తెలుగులో ఏమంటారమ్మా?

మే నెలలో ఒక శనివారం దుప్పట్లు మారుస్తుంటే మా పెద్దమ్మాయి దిండు గలేబులోంచి ఒక పుస్తకం జారి పడింది. అట్ట మీద లేత నీలం గౌనులో ఒకమ్మాయి, వెనకాల పెద్ద భవంతి. రీజెన్సీ రొమాన్స్. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, సెప్టెంబరులో యూనివర్సిటీకి వెళ్లిపోతుంది. ఆ వయసు పిల్ల ప్రేమ నవల చదివితే తప్పేముంది? కానీ గలేబులో దాచుకుని చదివింది. ఆ భయం దానికి బడిలో ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లోనే నేర్చుకుంది. ఆ రోజంతా ఆ ఆలోచన నన్ను వదల్లేదు.

పుస్తకం మళ్లీ గలేబులోనే పెట్టేశాను. రాత్రి అంట్లు తోముకుంటూ, "నీ నవల అయిపోయాక నాకిస్తావా?" అని అడిగాను. ముందు మొహం ఎర్రబడింది. తర్వాత మెల్లగా, "అందులో కొన్ని సీన్లు ఉంటాయమ్మా" అంది. "ఉంటే ఉండనీ" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో దానికి తెలియదు.

రీజెన్సీ అంటే, ఇంగ్లండులో మూడో జార్జి రాజుకు మతి స్థిమితం తప్పితే ఆయన కొడుకు 1811 నుంచి 1820 దాకా ఆయన బదులు రాజ్యం నడిపిన కాలం. ఆ తొమ్మిదేళ్ల మీద ఈ దేశంలో ఇప్పటికీ నవలలు వస్తూనే ఉన్నాయి. సరుకులకు వెళ్తే సూపర్‌మార్కెట్లో కూడా కనిపిస్తాయి. మేం పద్నాలుగేళ్లుగా ఇక్కడ స్విండన్ ఊళ్లో ఉంటున్నా ఒక్కటీ తెరిచి చూడలేదు.

కథ ఇది. చనిపోయిన ఒక పాదిరీ గారి పెద్ద కూతురు, వెనక ముగ్గురు చెల్లెళ్లు, కట్నానికి చిల్లిగవ్వ లేదు. లండన్‌లో ఒక విందుకి వెళ్తే, లైబ్రరీ గదిలో ఒక ఎర్ల్‌తో, అంటే బిరుదున్న దొరతో, ఒంటరిగా ఉండగా నలుగురి కంటా పడుతుంది. వాళ్ల మధ్య జరిగింది ఏమీ లేదు. అయినా పరువు పోయిందన్నారు, వారం తిరక్కుండా పెళ్లి చేసేశారు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటూ మెల్లమెల్లగా ఒకరినొకరు కోరుకోవడం మిగతా మూడొందల పేజీలు.

నేను నాలుగు రాత్రుల్లో చదివేశాను. నాకు నచ్చింది. ఇంటర్ చదివే రోజుల్లో వారపత్రికల్లో సీరియళ్లు ఇలాగే ఆత్రంగా చదివేదాన్ని. పొడుగాటి కారు, గర్విష్టి హీరో, ఆత్మాభిమానం గల పేదింటి అమ్మాయి. కాకపోతే ఆ నవలలు తాళి కట్టే దగ్గర ఆగిపోయేవి. ఈ నవల అక్కడ మొదలైంది.

మా అమ్మాయికి మాత్రం కోపం వచ్చింది. "ముద్దు పెట్టుకునే ముందు అతను అడిగాడమ్మా, పెళ్లికి ముందు మాత్రం ఎవరూ ఆమెను అడగలేదు" అంది. ఆ ఒక్క మాటతో నా నాలుగు రాత్రుల ముచ్చట మీద నాకే అనుమానం వచ్చింది. ఇక్కడ 2020 నుంచి సెకండరీ స్కూళ్లలో మనుషుల మధ్య సంబంధాల గురించి పాఠం తప్పనిసరి. శృంగారానికి సంబంధించిన భాగం వద్దనుకుంటే పిల్లల్ని తప్పించమని తల్లిదండ్రులు అడగొచ్చు. అడగాలా వద్దా అని అప్పట్లో మా ఇద్దరికీ వారం రోజులు ఒకటే టెన్షన్. చివరికి అడగలేదు. "అడిగావా?" అనే ప్రశ్న దీనికి అక్కడే అబ్బింది. నేను నేర్పలేదు, కానీ నేర్చుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది.

ఇంకో మాట కూడా అంది. అది తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు ఒక పిల్ల, "మీ అమ్మానాన్నలది ఫోర్స్‌డ్ మ్యారేజా?" అని అడిగిందట. ఆ రోజు ఏడుస్తూ ఇంటికొచ్చింది. మాది పెద్దలు కుదిర్చిన పెళ్లే. పెళ్లిచూపుల్లో పది నిమిషాలు మాట్లాడుకున్నాం, నేను సరేనన్నాకే ముందుకెళ్లారు. బలవంతపు పెళ్లి వేరు, దాన్ని ఆపడానికి ఇక్కడ 2007లో చట్టమే తెచ్చారు అని ఆ రోజు చెప్పి ఊరుకోబెట్టాను. ఇప్పుడు అదే పిల్ల ఈ నవలలు ఇష్టంగా చదువుతుందట. "వాళ్ల ముత్తవ్వల ముత్తవ్వలు చేసింది పెళ్లిచూపులే కదమ్మా" అంది మా అమ్మాయి. నిజమే. లండన్ కింగ్ స్ట్రీట్‌లో ఆల్మాక్స్ అని హాళ్లుండేవి. అక్కడి డాన్సులకు ఎవరు రావచ్చో కొందరు గొప్పింటి ఆడవాళ్లు నిర్ణయించి చీటీలు ఇచ్చేవారు. పెళ్లిళ్ల సంత అని అక్కడివాళ్లే అనుకునేవారు.

2019లో మా అమ్మ వచ్చినప్పుడు బాత్ ఊరు తీసుకెళ్లాం, ఇక్కణ్నించి రైల్లో అరగంట. 1771లో కట్టిన అసెంబ్లీ రూమ్స్‌లో, ఆ పెద్ద హాల్లో అయిదు షాండిలియర్ల కింద నిలబడి అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "పిల్లలు డాన్సు చేస్తుంటే తల్లులు ఎక్కడ కూర్చునేవాళ్లే?" అని. గోడ వారగా, అన్నాను. అమ్మ ఆ గోడల వైపు చాలాసేపు చూసింది.

ఈసారి అమ్మ జూన్‌లో రాజమండ్రి నుంచి వచ్చింది. సాయంత్రం గార్డెన్‌లో కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తుంటే, మనవరాలు తన తెలుగులో ఈ నవల చెప్పడం మొదలుపెట్టింది. మాటలు వెతుక్కుంటూ, రాని చోట ఇంగ్లీషు పెట్టి. పదేళ్లు ఆదివారం తెలుగు క్లాసుకి పంపినా ఇంత తెలుగు దాని నోట నేను వినలేదు. సీన్లు వచ్చినచోట మాత్రం, "ఆ తర్వాత తెల్లారింది అమ్మమ్మా" అని దాటేసేది. మూడో రోజు అమ్మ, "మీ కథలో మాటిమాటికీ తెల్లారిపోతోందేమిటే?" అంది. ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఎవరం ఎవరి వైపూ చూసుకోలేదు.

అమ్మ అభిప్రాయం మా ఇద్దరికన్నా వేరు. "పెళ్లయ్యాక రెండు నెలలు ఆగాడు కదా, మంచివాడే" అంది ముందు. తర్వాత చెల్లెళ్ల సంగతి అడిగింది. తర్వాత, "ఆ పిల్లకి పసుపు కుంకుమల కింద ఏమిచ్చారు?" అని.

ఆ ప్రశ్నతో మా అమ్మాయి ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టింది, నేనూ పక్కన కూర్చున్నాను. నవలలో గౌన్ల గురించి ఎన్నో పేజీలున్నాయి, చట్టం గురించి అంతగా లేదు. ఆ కాలంలో పెళ్లయిన ఆడదానికి చట్టం దృష్టిలో విడిగా ఉనికే లేదు. ఆమె చేతి డబ్బు, సంపాదన భర్తవైపోయేవి. పుట్టింటివాళ్లు ముందే లాయర్లతో ఒప్పందం రాయించుకుంటే చేతి ఖర్చుకి ఏడాదికింత, భర్త పోతే బతకడానికింత అని ఉండేది. తండ్రి లేని ఈ హీరోయిన్‌కి రాయించేవాళ్లు ఎవరు? విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టం చేయించుకోవాలి. 1857 దాకా ఆ దారిలో విడాకులు పొందిన ఆడవాళ్లు నలుగురే నలుగురు. తన ఆస్తి తన పేరనే ఉంచుకునే హక్కు పెళ్లయిన స్త్రీకి పూర్తిగా దక్కింది 1882లో.

అంటే ఆ ఎర్ల్ మంచివాడు కాకపోయి ఉంటే ఆమెకు దిక్కు లేదు. నవల అంతా అతని మంచితనం మీదే నిలబడింది. అది చదివాక నాకు ఆ కథ మీద ఇష్టం పోలేదు గానీ, ఇష్టం పక్కన ఒక బెంగ వచ్చి కూర్చుంది.

అమ్మ అదంతా విని, తన సంగతి చెప్పింది. 1973లో పెళ్లి, అప్పటికి తనకి పదిహేడు. మన దేశంలో ఆడపిల్లకి పద్దెనిమిది నిండాలన్న చట్టం 1978లో వచ్చింది. "ఇక్కడ కూడా మొన్న మొన్నటిదాకా పదహారుకే చేసుకోవచ్చు అమ్మమ్మా, పేరెంట్స్ ఒప్పుకుంటే. 2023లో పద్దెనిమిది చేశారు" అంది మనవరాలు. అమ్మ తల ఊపింది. పసుపు కుంకుమల కింద ఇచ్చిన ముప్పై సెంట్ల పొలం నా చదువుకి అమ్మేశారని నాకు తెలుసు. తెలియంది తర్వాత చెప్పింది. "నన్ను అత్తారింటికి పంపేటప్పుడు మా అమ్మ వంట గురించి చెప్పింది, మడి గురించి చెప్పింది, మామగారి ముందు ఎలా నిలబడాలో చెప్పింది. గదిలోకి పంపేటప్పుడు మాత్రం ఏమీ చెప్పలేదు. నేనూ నీకు ఏమీ చెప్పలేదు" అంది నావైపు చూసి. ఏడవలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. నా నలభై అయిదేళ్లలో అమ్మ నాతో ఇలాంటి మాట అనడం అదే మొదలు, అది కూడా నా కూతురి ఎదురుగా.

పక్కింటావిడ రిటైరైన నర్సు, డెబ్బై దాటాయి. ఈ నవలలు నలభై ఏళ్లుగా లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదువుతోంది. కంచె దగ్గర మా మాటలు విని తన మాటా చెప్పింది. ఆమెకి చట్టాల సంగతి కొత్త కాదు. డెబ్బైల్లో చిన్న అప్పుకి వెళ్తే, ఉద్యోగం ఉన్నా సరే, భర్త సంతకం తెమ్మన్నారట. "ప్యాషన్ ఎవరైనా రాస్తారు. వాళ్లిద్దరూ పొద్దున బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఏం మాట్లాడుకుంటారు, ఆమె చెప్తుంటే అతను పేపరు మడిచి పక్కన పెడతాడా లేదా, నేను అది చూస్తాను" అంది. అమ్మకు అనువదించి చెప్తే, "ఈవిడ సంసారం చేసిన మనిషి" అంది.

ఆ రాత్రే మా అమ్మాయి అడిగింది, "ప్యాషన్‌ని తెలుగులో ఏమంటారమ్మా?" అని.

చెప్పబోయి ఆగిపోయాను. కోరిక అంటే ప్రేమకీ సరిపోతుంది, కొత్త ఫోనుకీ సరిపోతుంది. వ్యామోహం అంటే తిట్టులా ఉంటుంది. మోహం, తాపం, వలపు పాటల్లో వింటాం, వంటింట్లో ఎవరూ అనరు. పెళ్లి గురించి మనకి ఎన్ని మాటలో! నిశ్చితార్థం, స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. వాటి నడుమ ఉండాల్సిన ఈ ఒక్కదానికి మా ఇంట్లో మాట లేదు.

మాట మాత్రం దాని కాళ్ల దగ్గరే ఉందని తర్వాత గుర్తొచ్చింది. అది ఏడో ఏట నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ ఉగాదికి హాల్లో క్షేత్రయ్య పదం అభినయించింది. వాసకసజ్జిక, అంటే పడక సిద్ధం చేసుకుని ప్రియుడి కోసం ఎదురుచూసే నాయిక. మూడొందల ఏళ్ల పైబడిన పదం. రెండొందల మంది తెలుగువాళ్లం కూర్చుని చూశాం, లేచి చప్పట్లు కొట్టాం. జీవాత్మ పరమాత్మ కోసం వేచి ఉందని కార్యక్రమం చెప్పేవాళ్లు అన్నారు. అదీ ఒక అర్థమే, కాదనను. కానీ ఆ పాటలో ఉన్నది ఒక స్త్రీ ఎదురుచూపు కూడా అని నేను దానికి ఒక్కనాడూ చెప్పలేదు. స్టేజి మీద అందరి ముందూ ఆడింది, నవల మాత్రం దిండులో దాచుకుంది.

మర్నాడు ఇద్దరికీ ముద్దుపళని గురించి చదివి వినిపించాను. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న కవయిత్రి. రాధ తాను పెంచిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ తర్వాత తాపంతో వేగిపోవడం, కృష్ణుడు వచ్చి ఓదార్చడం ఆమె రాసిన రాధికాసాంత్వనము. రీజెన్సీ కాలం రాకముందే ఒక తెలుగు స్త్రీ కోరిక గురించి కలం పట్టింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ పుస్తకాన్ని సరిచేసి అచ్చు వేయిస్తే, మరుసటేడే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి చొరవతో ఆ నిషేధం తొలగింది. అంతకుముందే ఆ కావ్యాన్ని తీవ్రంగా తప్పుపట్టినవారు మా ఊరి వీరేశలింగం పంతులుగారు. ఆ పేరు వినగానే అమ్మ మొహం చిన్నబోయింది. 1881లో మా రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన మనిషి ఆయన. ఎందరో ఆడవాళ్ల బతుకులు నిలబెట్టారు, ఆయన మీద నా గౌరవం తగ్గదు. ఆడదానికి మళ్లీ పెళ్లి కావాలని ఊరంతటితో పోరాడిన ఆయనకే, ఆడది కోరిక గురించి రాస్తే మింగుడు పడలేదు. ఆయన వదిలిపెట్టిన చోటే మా అమ్మమ్మ ఆగిపోయింది, అమ్మ ఆగిపోయింది, నేనూ ఆగిపోయాను.

అమ్మ చాలాసేపటికి, "ఆవిడ పుస్తకం దొరుకుతుందా?" అంది.

ఆగస్టు చివర్లో అమ్మ వెళ్లిపోయింది. సెప్టెంబరులో మా అమ్మాయి వెళ్లింది. సర్దుకున్న పెట్టెలో గజ్జెలు, ప్రెషర్ కుక్కర్, ఆవకాయ సీసా, నవల పైనే కనిపించేలా పెట్టుకుంది. వెళ్లిన పది రోజులకి వీడియో కాల్‌లో ముగ్గురం కలిశాం. ఆ నవలకి తర్వాతి భాగం వచ్చిందట, రెండో చెల్లెలి కథ. అమ్మ అక్కడ కళ్లజోడు సవరించుకుని ఫోన్‌కి దగ్గరగా జరిగింది.

"చెప్పవే. ఈసారి ఆ అబ్బాయి ముందే అడిగాడా?"

"అడిగాడు అమ్మమ్మా."

"ఆ పిల్ల ఏమంది?"

"కొంచెం టైమ్ కావాలంది."

"మంచి పని చేసింది. ఆ తర్వాత? మళ్లీ తెల్లారిందని మాత్రం చెప్పకు."