ఆయమ్మ చేతుల్లో ఉన్న క్లాసు

మేముండేది టెక్సాస్‌లో. మా బాబు కిండర్‌గార్టెన్‌లో చేరేనాటికి వాడికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. టీచర్ మంచావిడే, కానీ క్లాసు నిండా పిల్లలు, పైగా వారం వారం పూర్తి చేయాల్సిన పాఠాలు. వాడి పక్కన కూర్చునే తీరిక ఉన్నది సహాయకురాలికే. అక్కడ వాళ్లను 'పారా' అంటారు. 2002 నాటి చట్టం వచ్చాక, పేద పిల్లలు ఎక్కువున్న బడుల్లో ఫెడరల్ నిధులతో పనిచేసే పారాలకు రెండేళ్ల కాలేజీ చదువైనా ఉండాలి, లేదా పరీక్షైనా పాసవ్వాలి.

బతుకమ్మ రోజుల్లో వాడు క్లాసులో రంగు కాగితాలు ముద్దలు చేసి వరసలుగా అంటించడం మొదలుపెట్టాడట. ఆ పారాకు బతుకమ్మ అంటే ఏం తెలుసు? అయినా 'ఇదేంటి' అని ఆపలేదు. కాగితం జారకుండా పట్టుకుంది, తర్వాతి వరసకు ఏ రంగో వాణ్నే ఎంచుకోనిచ్చింది. గునుగుపూలకు తెల్లకాగితం చాలకపోతే టిష్యూలు తెచ్చిచ్చింది. కత్తెర మాత్రం తన చేతిలోకి తీసుకోలేదు. వంకరగా ఉన్న ఆ బతుకమ్మ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది.

మా ఊరు దేవరకొండ దగ్గర. జూన్‌లో వెళ్లినప్పుడు మా చిన్నదాన్ని మా తమ్ముడి పాపతో అంగన్‌వాడీకి పంపాను. సెంటర్‌కు ఒక టీచర్, ఒక ఆయా. టీచరమ్మకు రిజిస్టర్లు, బరువులు తూచడం, ఫోన్‌లో ఫొటోలు ఎక్కించడం. ఆయమ్మకు వంట, ఊడ్పు, గిన్నెలు. మధ్యలో పిల్లలు. చింతగింజలతో నేల మీద ఏదో పేరుస్తున్న పిల్లాణ్ని ఆయమ్మ అడిగింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"పాము."

"పాముకు కాళ్లుంటయా?"

"మా పాముకుంటయి."

"సరే, ఉండనీ. బురదల నడవాలె గదా" అని ఇంకో గుప్పెడు గింజలు పోసి పొయ్యి దగ్గరికి పోయింది.

టీచరమ్మ అయితే దిద్దేదేమో. ఆమెను తప్పు పట్టను, పిల్లలకు ఏం వచ్చిందో రాసి చూపాల్సింది ఆమే. ఆయమ్మకు ఆ బాధ లేదు. పిల్లల ఊహ సాగాలంటే పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి, కానీ తొందరపెట్టకూడదు. టెక్సాస్‌లోనూ, మా ఊళ్లోనూ ఆ పని చేసేది జీతంలో టీచర్ కంటే కిందున్న మనిషే. తేడా ఏంటంటే అక్కడ ఆవిడ క్లాసులోనే ఉంటుంది, ఇక్కడ ఆయమ్మ పొయ్యికీ పిల్లలకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఇంత జరుగుతున్నా మనవాళ్లకు ఆమె 'వంట చేసే ఆమె'.

అమెరికా నుంచి ఊరి బడికి సాయం అనగానే మా వాట్సాప్ గ్రూపులో స్మార్ట్ టీవీ, గేటు, దాని మీద పేర్లు. (పేర్ల దగ్గరే సగం గొడవ.) ఏం కావాలో ఆయమ్మను అడిగినవాళ్లు లేరు. నేను అడిగితే, "మొన మొద్దుగుండే కత్తెర్లు తేండ్రి అక్కా, పోరగాండ్లు కాయిదాలు కోసేటివి. గంటసేపు వంటకు ఇంకెవరన్న ఉన్నా మంచిగుండు" అంది. కత్తెర్లు నల్గొండలోనే దొరికాయి. వంట మనిషి సంగతి గ్రూపులో పెట్టాను, ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.