ఖాళీగా తిరిగితేనే టకటక

శనివారం.

నార్త్ కరోలినాలో ఏప్రిల్ వచ్చిందంటే రెండు పనులు తప్పవు. పైన్ చెట్ల పసుపుపచ్చ పుప్పొడి కడుక్కోవడం, గడ్డి కోసుకోవడం. ఇక్కడి ఫెస్క్యూ గడ్డికి ఎండలు పడవు కాబట్టి పెరగాల్సినదంతా ఇప్పుడే పెరుగుతుంది. వారం వదిలేస్తే బూట్లు కనబడవు. అందుకని టిఫిన్ కాగానే గరాజ్ తలుపెత్తి గడ్డి కోసే ట్రాక్టర్ బయటికి తీశాను.

ట్రాక్టర్ అంటే మా ఊళ్ళో వాళ్ళు దమ్ము చక్రాలు ఊహించుకుంటారు. ఇది ముందు ఒకే సిలిండర్ ఇంజిన్, కడుపు కింద రెండు బ్లేళ్ళు, పైన నేను, అంతే. పిస్టన్ తిప్పే షాఫ్టు, అంటే క్రాంకు, నిలువుగా నిలబడి ఉంటుంది. దాని పైకొసకి ఫ్లైవీల్ అనే బరువైన చక్రం, కిందికొసకి బ్లేళ్ళని తిప్పే బెల్టు పుల్లీ. పక్కింటి పెద్దాయన మెషీన్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు. చలికాలమంతా కూర్చుని ఈ ఇంజిన్ విప్పి, బోరు (సిలిండర్ లోపలి గుండ్రటి కంత) చేయించి, కొత్త పిస్టన్, రింగులు, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే రాడ్ వేసి కట్టాడు. మోకాళ్ళు సహకరించక మొన్న దీన్ని నాకు అమ్మేశాడు. బండితోపాటు ఒక చిన్న పాకెట్ పుస్తకం కూడా ఇచ్చాడు. అందులో పెన్సిల్‌తో క్రాంకు పిన్ (క్రాంకు మీద రాడ్ పట్టుకునే చోటు) ఎంత, బోరు పైన ఎంత, కింద ఎంత, రాడ్ సందు ఎంత, అన్నీ అంగుళంలో పదివేలో వంతు వరకూ రాసి ఉన్నాయి. మనవాళ్ళు పెళ్ళి ఖర్చులు కూడా ఇంత శ్రద్ధగా రాయరు.

సరే, స్టార్ట్ చేశాను. ఒక్క తిప్పుకే అందుకుంది. వేడెక్కాక థ్రాటిల్ తగ్గించి, బరువేమీ లేకుండా నెమ్మదిగా తిరిగే ఐడ్లింగ్‌లో పెట్టగానే మొదలైంది: టక్‌టక్‌టక్, గట్టిగా, ఇనుము ఇనుముని కొడుతున్నట్టు. థ్రాటిల్ పెంచితే పోతోంది. తగ్గిస్తే మళ్ళీ హాజరు.

కొత్తగా కట్టిన ఇంజిన్‌లో టకటక అంటే మనసు నేరుగా కనెక్టింగ్ రాడ్ మీదికే పోతుంది. ఈ చిన్న ఇంజిన్లలో చాలావాటికి బేరింగు షెల్స్, అంటే రాడ్‌కీ క్రాంకుకీ మధ్య వేసే పల్చటి లోహపు చిప్పలు, ఉండవు. అల్యూమినియం రాడ్ నేరుగా క్రాంకు పిన్ మీదే తిరుగుతుంది, మధ్యలో ఉండేది ఆయిల్ పొర ఒక్కటే. అది వదులైందంటే మెల్లగా కొడుతూ కొడుతూ ఒకరోజు రాడ్ విరిగి బ్లాకుకి కిటికీ పెట్టి బయటికొస్తుంది. ఆ భయంతోనే వెంటనే ఆపేశాను.

నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రయింది, భోజనానికి కూర్చోబోతున్నారు. తెనాలి దగ్గర మా పొలంలో ఏళ్ళ తరబడి ఆయిల్ ఇంజిన్ తిప్పిన మనిషి. ఇంజిన్ దగ్గర ఫోన్ పెట్టి "వినబడుతోందా నాన్నా?" అంటే "ఏమీ లేదురా, నీ గొంతే వినబడుతోంది" అన్నారు. ఈ కాల్స్‌లో మాట తప్ప మిగతాదంతా గోల అనుకుని ఫోనే నొక్కేస్తుంది. నాకు కావలసింది ఆ గోలే! చివరికి విడిగా రికార్డు చేసి పంపించాను.

ఈలోగా ఆయిల్ చూశాను. కిందికి కొంచెం వంపి, తెల్ల గిన్నెలో పోసి, ఎండలో అటూ ఇటూ ఒంచి చూస్తే లోపం ఎక్కడుందో ఒక్కోసారి అదే చెప్పేస్తుంది. వెండి పొడిలా మెరిసేది అయస్కాంతానికి అంటుకోకపోతే రాడ్‌దో పిస్టన్‌దో అల్యూమినియం. అంటుకుంటే ఉక్కు, అంటే క్రాంకో గేర్లో. నా గిన్నెలో రెండూ లేవు. తేనె రంగు ఆయిల్, అందులో ఒక పుప్పొడి రేణువు, అంతే.

తర్వాత స్పార్క్ ప్లగ్ తీసి, ఆ కంతలోంచి సన్నటి చెక్కపుల్ల పిస్టన్ మీద ఆనించాను. పిస్టన్ సగం దూరం దిగిన చోట ఆపి, ఫ్లైవీల్‌ని చేత్తో వెంట్రుకవాసి అటూ ఇటూ ఆడించాలి. రాడ్ వదులుగా ఉంటే ఫ్లైవీల్ కాస్త కదిలాక గానీ పుల్ల కదలదు, ఆ ఖాళీ వేలికి తెలిసిపోతుంది. (పిస్టన్ పూర్తిగా పైనున్నప్పుడు ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ క్రాంకు కాస్త తిరిగినా పిస్టన్ ఎలాగూ పెద్దగా కదలదు.) ఇక్కడ వేలు కదలగానే పుల్లా కదిలింది. పుస్తకంలో పెద్దాయన రాసుకున్న కొలత నిజమే.

నాన్న నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "షెల్స్ పోయినట్టు లేదురా. అది పోతే లోడ్ మీద ఎక్కువ కొడుద్ది. నువ్వు లోడ్ పెట్టి చూశావా? ఊరికే ఖాళీగా తిప్పి భయపడమాక."

చూడలేదు. ఖాళీ స్థలంలోకి తీసుకెళ్ళి, అదే ఐడ్లింగ్ మీద బ్లేళ్ళ క్లచ్ వేశాను. ఇంజిన్ ఒక్కసారి గొణిగింది, టకటక ఆగిపోయింది. క్లచ్ తీస్తే మళ్ళీ టక్‌టక్. అప్పుడు కాస్త టెన్షన్ తగ్గింది. రాడ్ శబ్దమైతే బరువు పడ్డప్పుడు పెరగాలి. పిస్టన్ బోరులో ఊగుతుంటే చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక తక్కువ వినబడాలి. ఇది వేడెక్కాకే బాగా వినబడుతోంది, బరువు పడితే పోతోంది.

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకున్నాను. హెడ్ దగ్గర వాల్వుల చిటచిట, అది మామూలే. క్రాంకు గది పక్కన కొంచెం ఎక్కువ. ఆయిల్ సంపు అడుగున పెడితే చెవిలో సుత్తి పడ్డట్టయింది. పైనుంచి కిందికి దిగుతున్న కొద్దీ శబ్దం దగ్గరవుతోంది.

పైన ఫ్లైవీల్ ఎందుకు కాదు? అదీ కీతోనే (షాఫ్టు గాడిలో, చక్రం గాడిలో కలిపి దూర్చే చిన్న ఉక్కు ముక్క) కదా కూర్చునేది అనిపించవచ్చు. కానీ ఫ్లైవీల్ కూర్చునేది ఏటవాలు షాఫ్టు మీద. నట్టు బిగిస్తే ఆ ఏటవాలే పట్టి ఉంచుతుంది. అక్కడి కీ పని స్పార్క్ సరైన చోట పడేలా స్థానం చూపించడం మాత్రమే. కిందున్న పుల్లీ అలా కాదు, అది తిన్నని షాఫ్టు మీద కూర్చుంటుంది. గాడిలో పావు అంగుళం చదరపు కీ, అడుగున ఒక బోల్టు. బోల్టు ఎంత బిగించినా కీ గాడి అరిగిందంటే పుల్లీ ఆడుతుంది.

బండి ముందు భాగం ఎత్తి, స్టాండ్లు పెట్టి, ప్లగ్ వైరు తీసేసి పక్కకి కట్టి కిందికి దూరాను. పుల్లీని రెండు చేతులా పట్టుకుని తిప్పి చూస్తే, క్రాంకు కదలకుండానే అది ఇటు నుంచి అటు కొద్దిగా కదిలింది. టక్. మళ్ళీ వెనక్కి. టక్. బోల్టు విప్పి దింపితే, పుల్లీ లోపలి గాడికి ఒక అంచు అద్దంలా నునుపెక్కి, పైన వెడల్పై, కింద ఇరుకుగా ఉంది. కీ పక్కన తుప్పు రంగు పొడి.

ఇంతకీ ఐడ్లింగ్‌లోనే ఎందుకు? ఒకే సిలిండర్ ఇంజిన్ సమంగా తిరగదు. రెండు చుట్లకొకసారి మంట పడుతుంది, అప్పుడు క్రాంకు ముందుకి దూకుతుంది. తర్వాత గాలిని నొక్కేటప్పుడు నెమ్మదిస్తుంది. నిమిషానికి 1,750 చుట్లు తిరిగితే సెకనుకి పద్నాలుగు సార్లకి పైనే ఈ దూకుడు. క్రాంకు దూకినప్పుడు పుల్లీ వెనకబడుతుంది, క్రాంకు తగ్గినప్పుడు పుల్లీ తన వేగంలో ముందుకొచ్చి కీని కొడుతుంది. బ్లేళ్ళు వేస్తే ఆ బరువు పుల్లీని ఒకే వైపు ఒత్తి పట్టుకుంటుంది, ఇక కొట్టుకోవడానికి చోటుండదు. వేగం పెంచితే హెచ్చుతగ్గులు తగ్గిపోయి శబ్దమూ మాయం.

సాయంత్రం పెద్దాయన కంచె దగ్గరికొస్తే పుల్లీ చూపించాను. వేలితో గాడి తడిమి, "లోపలంతా నేను కొలిచాను, బయట తగిలించినవి మాత్రం పాతవే" అన్నాడు మామూలుగా. నిజానికి నాకూ అంతే. కొత్తగా కట్టిన ఇంజిన్ అనగానే అనుమానమంతా లోపలికే పోయింది. పుల్లీ, కవరు, సైలెన్సరు, ఇంజిన్ కూర్చున్న బోల్టులు, ఇవన్నీ ముప్పై ఏళ్ళ నాటివని తట్టలేదు. ఆయన తన డబ్బాలో వెతికి కొత్త కీకి ఉక్కు కడ్డీ ముక్క కోసిచ్చాడు, షాఫ్టు గాడి బాగానే ఉందని తనే మైక్రోమీటర్‌తో చూసి చెప్పాడు. పుల్లీకి ఆర్డర్ పెట్టాను. బుధవారానికి వస్తుందట.

నాన్నకి గాడి ఫోటో పంపితే "షెల్స్ మార్చినంత ఖర్చు తప్పింది" అని జవాబు. షెల్స్ ఇందులో ఉండవని మళ్ళీ చెప్పలేదు. గడ్డి మాత్రం అలాగే ఉంది. పుల్లీ వచ్చేదాకా వాకిట్లోకి కనబడే ముక్క వరకు చేతి మిషన్‌తో రేపు కోయాలి.