మావాడు అడిగింది ప్రశ్న కాదు, నీళ్లు

మావాడికి ఆటిజం ఉంది. దాహం వేస్తే "నీళ్లు కావాలా నాన్నా?" అంటాడు. నాలుగేళ్లప్పుడు అలా అంటే నేను "నాకొద్దురా" అనేసి నా పనిలో పడిపోయేదాన్ని, వాడేమో గుక్కపట్టి ఏడ్చేవాడు, ఎందుకో తెలియక వాణ్ణి ఎత్తుకుని సత్యనారాయణపురం వీధులన్నీ తిరిగిన సాయంత్రాలున్నాయి. గ్లాసు చేతికిచ్చే ప్రతిసారీ నేనన్న మాట అదే కదా. కాబట్టి నీళ్లు తెప్పించే మాట వాడి లెక్కలో అదే. కావాలా, కావాలి: తేడా చివరి అచ్చు ఒక్కటే. అది పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

విన్న మాటను విన్నట్టే తిరిగి చెప్పడాన్ని ఎకోలేలియా అంటారు. 1943లో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన మొదటి వ్యాసంలోనే ఇదుంది: ఈ పిల్లలు 'అవును' అనడానికి అడిగిన ప్రశ్ననే తిరిగి చెబుతారని ఆయన అప్పుడే గమనించాడు. 1981లో ప్రిజాంట్, డ్యూకన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి పిల్లల్ని వీడియో తీసి మరీ చూసి, ఇలా తిరిగి చెప్పడంలో ఏడు రకాల ఉపయోగాలున్నాయని రాశారు. మాకు మాత్రం "అవి చిలకపలుకులండీ, మాన్పించండి" అని చెప్పారు. నేను మాన్పించబోయాను కూడా, పెదాల మీద వేలు పెట్టి "అలా అనకూడదు" అంటూ. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వాడికున్న నాలుగు మాటలనీ నేనే నొక్కేశాను.

తర్వాత ఒక స్పీచ్ థెరపిస్టు మేడమ్ చెప్పింది చాలా చిన్న విషయం. వాణ్ణి అడగొద్దు, వాడు అనాల్సిన మాట మీరే అనండి అంది. వాడు సీసా వైపు చూడగానే "నీళ్లు కావాలి" అని నేనే అని నీళ్లిచ్చేదాన్ని, తిరిగి చెప్పమని బలవంతపెట్టకుండా. నెలలు పట్టింది, కానీ వచ్చింది. (దాహం బాగా వేస్తే ఇప్పటికీ పాత మాటే వస్తుంది, అయినా నీళ్లిస్తాను.)

ఎప్పుడో విన్నవి తిరిగి చెప్పేటప్పుడు ఇంకా కష్టం. గుంటూరులో మా ఆడపడుచు కూతురి పెళ్లిలో బ్యాండు మొదలవగానే మావాడు చెవులు మూసుకుని "దయచేసి వినండి, ట్రైన్ నంబర్ 12711, పినాకిని ఎక్స్‌ప్రెస్" అని పెద్దగా మొదలుపెట్టాడు. అందరూ ముచ్చటపడి ఇంకోసారి చెప్పమన్నారు. వాడు చెబుతూనే ఉన్నాడు, చివరికి చేయి కొరుక్కున్నాడు. ఆ రాత్రి కారులో గుర్తొచ్చింది. ఆరేళ్లప్పుడు చెన్నై వెళ్లడానికి తెల్లవారుజామున విజయవాడ స్టేషన్‌కి వెళ్తే, ఆ జనానికీ ఆ మైకు గోలకీ వాడు ప్లాట్‌ఫాం మీద పడి దొర్లాడు, ప్రయాణం మానుకుని ఇంటికొచ్చేశాం. అంటే వాడు పెళ్లిలో చెప్పింది ట్రైన్ సంగతి కాదు, "గోల భరించలేను, ఇంటికి పోదాం" అని. ఇప్పుడు ఆ నంబరు వినబడితే చాలు, మేం చెప్పులు వేసుకుంటాం.

ఇంకో తప్పు కూడా రాయాలి. రెండు భాషలైతే గందరగోళపడతాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి అని ఒకచోట చెబితే ఏడాదిన్నర అలాగే చేశాం. మా అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. పాపం ఆవిడ మనవడితో మాట్లాడటమే మానేశారు, అన్నం ముద్ద నోటికందించి ఊరుకునేవారు. రెండు భాషలు వింటూ పెరిగే ఆటిజం పిల్లల్ని ఒకే భాష వినేవాళ్లతో పోల్చి చూస్తే, రెండు భాషల వల్ల మాట ఇంకా వెనకబడినట్టు కనబడలేదని తర్వాత చదివాను. ఆ ఏడాదిన్నర మాత్రం తిరిగి రాదు. మీకెవరైనా ఇదే సలహా ఇస్తే దయచేసి వినకండి.

అసలు మాటలే రాని పిల్లల అమ్మలకి ఒక్క మాట. బొమ్మల కార్డులు, నొక్కితే మాట పలికే ట్యాబ్ అలవాటు చేస్తే ఇక నోరు విప్పడేమో అని భయపడకండి. వాటివల్ల మాట ఆగిపోతుందని పరిశోధనల్లో తేలలేదు, కొందరికి మాట పెరిగింది కూడా.

ఇప్పుడు వాడికి పదమూడు. "ఒక్క నిమిషంలో వస్తా" అంటే గడియారం ముందు నిలబడి అరవై లెక్కపెడతాడు, నేను రాకపోతే టెన్షన్ పడిపోతాడు, అందుకని నేనే మాట మార్చుకుని "పప్పు తిరగమోత పెట్టాక వస్తా" అంటున్నాను. ఏదైనా అడిగితే జవాబుకి పది సెకన్లు పడుతుంది. చుట్టాలు రెండో సెకనుకే ఇంకో ప్రశ్న వేస్తారు, వాడు మళ్లీ మొదటికొస్తాడు. ఆగండి, చెబుతాడు.

మొన్న మధ్యాహ్నం మా అత్తయ్యగారి మంచం దగ్గరికెళ్లి "తిన్నావా నాన్నా?" అన్నాడు. ఆకలేమో అని నేను కంచం పట్టుకొస్తే పక్కకి నెట్టేసి, ఆవిడ మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ లేచి కూర్చుని "తిన్నాను నాన్నా, దోసకాయ పప్పు" అన్నారు. "దోసకాయ పప్పు" అని రెండుసార్లు అనుకుని, గదిలోకి వెళ్లిపోయాడు.